కల్లు ఎరగని సొరబుర్ర

ముసలయ్యకు నలభై మూడేళ్లు. పుట్టగానే తాత పేరు పెట్టేశారు కాబట్టి ఉగ్గు తాగే వయసులోనే ముసలయ్య అయిపోయాడు. పేరు సంగతి ఎలా ఉన్నా, దుమ్ముగూడెం పైన అడవి అంచున ఉన్న ఆ ముప్పై ఇళ్ల కోయగూడెంలో తాడిచెట్టు ఎక్కడంలో అతన్ని మించినవాడు లేడు. అతను గీసిన గెల నుంచి కారే కల్లు తియ్యగా ఉంటుందని గూడెమంతా ఒప్పుకునేది. ఒప్పుకోకపోతే మర్నాడు రేక దక్కదు మరి.

రేక అంటే తాటాకును దోసిలిలా మడిచింది. దాన్ని రెండు చేతులా నోటి దగ్గర పట్టుకుంటే, పైనుంచి ఎండు సొరకాయ బుర్రతో కల్లు పోస్తారు. ఆ గూడెంలో కల్లు లేకుండా బిడ్డకు పేరు పెట్టరు, విత్తనం చల్లరు, చచ్చినవాణ్ని సాగనంపరు. కల్లు కాలంలో పొద్దున్నే చెట్టు కింద కూర్చుని రెండు మూడు రేకలు తాగి పనికి పోవడం వాళ్ల లెక్కలో తాగుడు కాదు, తిండి. తాగుడు అంటే సంతలో సీసా కొనుక్కోవడం. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి. ముసలయ్య ప్రాణం మీదికి తెచ్చింది ఇదే.

అతనూ జంపక్కా ఇద్దరే. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఒకరికొకరు తీర్చుకున్నారు. అతను చెట్టెక్కితే ఆమె కింద నిలబడేది. నిండిన బుర్రను తాడు కట్టి పైనుంచి వదిలితే ఆమె అందుకుని, ముడి విప్పి, తాడును రెండుసార్లు గుంజేది. ‘అందింది, ఇక లాక్కో’ అని. పదిహేడేళ్లపాటు పొద్దునా సాయంత్రం ఆ రెండు గుంజుళ్లు అతని అరచేతికి తగిలాయి. అంత చిన్న సంగతి కోసం మనిషి కుళ్లి కుళ్లి ఏడుస్తాడని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేవాడే.

పోయినేడాది వైశాఖంలో జంపక్కకు చలిజ్వరం వచ్చింది. ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. "దుమ్ముగూడెం పొయ్యి ఆటో తోల్కరా. దవాఖానాకు పోదాం" అంది. ముసలయ్య పరుగున బయలుదేరాడు. అందులో అబద్ధం లేదు. గూడెం దాటిన చోట, బాట పక్కనే అతని పెద్ద తాడిచెట్టు ఉంది. కంగారుకు చేతులు వణుకుతున్నాయి, ఒక్క రేక తాగితే కుదురుకుంటాయి కదా అని ఆగాడు. ఒకటి తాగితే రెండోది పిలిచింది. మర్నాడు పొద్దున చీమలు కుడుతుంటే అదే చెట్టు కింద కళ్లు తెరిచాడు.

ఆ లోపల పక్కింటి రాజు, ఇంకో ముగ్గురు కలిసి జంపక్కను నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకుపోయారు. రోడ్డుకు ఉన్నది ఆ ఒక్క బాటే. మంచం ఆ చెట్టు పక్కనుంచే వెళ్లింది. ఆమె తల తిప్పి చూసింది. మొగుడు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు.

బతికింది, అదృష్టం. రెండు వారాలకు ఇంటికి వచ్చి చీరలు మూట కట్టుకుంది. తిట్టలేదు. తిడితే ముసలయ్యకు అంత భయం వేసేది కాదు.

"నువ్వు ఆ చెట్టు దాటి వచ్చిన్నాడు నేను గూడ వస్త" అని ఒక్క మాట అని, గోదావరి అవతల బూర్గంపాడు వైపున్న పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే తొలకరి పడింది.

తర్వాత ఆరు నెలలు ముసలయ్య ఏం చేశాడంటే, చెట్టు దాటలేదు. కల్లు కాలం అయిపోతే ఇప్పసారా తాగాడు. పెళ్లాం లేదన్న బాధకు తాగాడు, తాగితే పెళ్లాం రాదన్న భయానికి తాగాడు. మళ్లీ గెలలు వేసి కల్లు పారడం మొదలైంది. ఒకరోజు చెట్టు మీద నుంచి బుర్రను దింపి, అలవాటుగా రెండు గుంజుళ్ల కోసం తాడు పట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. కింద ఎవరూ లేరు. బుర్ర గాలికి చెట్టుకు కొట్టుకుంటోంది. ఆ రోజే మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ వారం సంతలో ఎవరో వైద్య శిబిరం పెట్టారు. తాగుడు మానాలనుకునేవాళ్లు కూడా రావచ్చని మైకులో చెబుతున్నారు. ముసలయ్య వెళ్లి వరసలో నిలబడ్డాడు. బల్ల వెనక కూర్చున్నతను కాగితం చూసి గడగడా అడిగాడు: వారంలో ఎన్నిసార్లు తాగుతారు, తాగితే ఎంత తాగుతారు, పొద్దున లేవగానే తాగాలనిపిస్తుందా.

"సంతనాడు ఒక క్వార్టర్, సారూ. గంతే" అన్నాడు ముసలయ్య. అతని లెక్కలో అది నిజం. సీసా ఒకటే. కల్లు తిండి. ఇప్పసారా దేవుళ్లది. ఆ రెండూ లెక్కలోకి ఎందుకు వస్తాయి?

అతను మార్కులు కూడి, "నీది పెద్ద సమస్య కాదు. మానెయ్, మంచిగుంటది" అని పంపించేశాడు. ముసలయ్య పొంగిపోయాడు. పెద్ద సమస్య కాదట! ఇంటికి వచ్చి, జంపక్క మీద ప్రేమకొద్దీ, సీసాతోపాటు కల్లూ సారా కూడా ఒక్కరోజున మానేశాడు.

రెండో రోజుకు చెమటలు, వణుకు. చెంబు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతున్నాయి. మూడో రోజు గోడల మీద చీమలు బారులు కట్టి పాకుతున్నాయని చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. గోడ మీద ఒక్క చీమ లేదు. ఆ సాయంత్రం కట్టె బిగుసుకుపోయినట్టు బిగుసుకుని, నోట నురగతో కింద పడ్డాడు.

గూడెంలో ఒకటే మాట. పారే చెట్టును గీయకుండా వదిలేస్తే చెట్టు ఉసురు తగలకుండా ఉంటుందా? ఎవరో రేక తెచ్చారు, రెండు చుక్కలు నోట్లో పోస్తే దారికొస్తాడని. స్పృహ లేనివాడి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని రాజుకు తెలియదు కానీ, పోయబోయినవాళ్ల చెయ్యి మాత్రం పట్టుకుని ఆపాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి తిప్పి, చివరికి ముసలయ్యను ఖమ్మంలో ఒక దవాఖానాకు చేర్చారు. అక్కడ తాగుడు మాన్పించే వార్డు ఉంది.

ఇంజెక్షన్లతో నాలుగు రోజులకు మనిషి మనిషయ్యాడు. అప్పుడు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది సువర్ణ. ఆ వార్డులో కౌన్సెలర్. టేకులపల్లి దగ్గర తండాలో పుట్టిన పిల్ల. ఆమె దగ్గరా కాగితం ఉంది కానీ, దాన్ని ఒళ్లో బోర్లించింది.

"తాగుతవా అన్నా?"

"లేదమ్మా. సంతనాడు ఒక క్వార్టర్."

ఆమె అతని చేతుల వంక చూసింది. చెట్టును వాటేసుకుని వాటేసుకుని మోచేతుల కింద చర్మం నల్లగా, బెరడులా ఉంది. "ఎన్ని చెట్లు గీస్తవ్?"

"నాలుగు."

"పొద్దుగాల చెట్టు దిగంగనె ఎన్ని రేకలు?"

"మూడు. గది తాగుడు కాదు, పొట్టకు."

"గట్లనే అనుకుందాం. మరి పగటాల?"

అడిగిందానికల్లా చెప్పాడు. ఆమె ఆయాను పిలిచి ఖాళీ బకెట్ తెప్పించింది. ఒక స్టీలు గిన్నె ఇచ్చి, "గీ గిన్నెడు ఒక రేక అనుకో. నిన్న మొన్నటి దాక ఒక్క రోజుల ఎంత తాగినవో, గీ బకెట్ల నీళ్లు పొయ్యి" అంది. ముసలయ్యకు ఇదేదో పిల్లల ఆటలా తోచింది. పొద్దుటివి మూడు పోశాడు. పది గంటలవి, పగటివి, సాయంత్రం చెట్టు దిగాక స్నేహితులతో తాగినవి, రాత్రి అన్నం ముందటివి. సారా సంగతి అడిగితే ఇంకాస్త పోశాడు. పోస్తూ పోస్తూ మధ్యలో ఆగిపోయాడు. బకెట్ ముప్పావు నిండింది.

"గిది ఒక్క రోజుదా?" అని అతనే అడిగాడు.

"అవ్. ఒక్క రోజుదే."

సువర్ణ మెల్లగా చెప్పింది. ఏళ్ల తరబడి ఇంత తాగిన ఒళ్లు ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. మూర్ఛలు వస్తాయి, ప్రాణం కూడా పోతుంది. ఇలాంటివాళ్లు డాక్టర్ కళ్ల ముందు మానాలి తప్ప ఇంట్లో ఒట్టు పెట్టుకుని కాదు. "చెట్టు ఉసురు గాదు అన్నా. నువ్వు లెక్కల చెప్పని కల్లే పడగొట్టింది" అంది. ముసలయ్య ఆ బకెట్ వైపే చూస్తున్నాడు. ఆ నీళ్లలో అతనికి నులకమంచం కనిపించింది.

వారం గడిచాక డాక్టర్, సువర్ణ కలిసి ఉన్న దారులన్నీ ముందు పెట్టారు. వార్డులో ఇంకో రెండు వారాలు ఉండొచ్చు. లేదా ఇంటికెళ్లి నెలనెలా వచ్చి చూపించుకోవచ్చు. తాగాలన్న యావను తగ్గించే గోళీ ఒకటుంది. మింగాక తాగితే వాంతులు, గుండెదడ తెచ్చే గోళీ ఇంకోటుంది. మానినవాళ్లంతా బుధవారాలు కూర్చుని మాట్లాడుకునే బైఠక్ ఉంది.

"గా రెండోది ఇయ్యిండ్రి. ఒట్టు లెక్క ఉంటది" అన్నాడు ముసలయ్య వెంటనే.

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "అది ఒట్టు కాదు, కత్తి. తెలియక చుక్క తాగినా ప్రమాదం. ఇంట్లో ఒకరు దగ్గరుండి మింగించాలి, కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో ఎవరున్నారు?"

ముసలయ్య కిటికీ వైపు తిరిగాడు. "ఎవరూ లేరు సారూ" అన్నాడు. డాక్టర్ యావ తగ్గించే గోళీయే రాసి వెళ్లిపోయాడు. సువర్ణ మాత్రం కూర్చుంది. అప్పుడతను జంపక్క గురించి, మంచం గురించి, ఆ రెండు గుంజుళ్ల గురించి చెప్పాడు. చెబుతూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వు మానేది ఆమె కోసమేనా అన్నా?"

"అవ్."

"ఆమె రాకపోతే?"

ముసలయ్య దుప్పటి అంచు మడతపెట్టసాగాడు. సువర్ణ ఒత్తిడి చేయలేదు. "ఇప్పుడే చెప్పకు. కానీ ఎప్పుడో ఒకనాడు నీకు నువ్వు చెప్పుకోవాలె" అని లేచింది.

మూడు వారాలు వార్డులో ఉండి ఇంటికి వచ్చాడు. నాలుగు చెట్లనూ రాజుకు అప్పగించాడు. గోళీలు వేళకు మింగాడు, నెలకోసారి ఖమ్మం బస్సెక్కాడు. చెప్పినంత తేలిక కాదు. సాయంత్రం అయిందంటే గూడెమంతా చెట్ల కింద చేరి నవ్వుతూ ఉంటుంది, అతను ఒక్కడే అరుగు మీద కూర్చుని కాలి బొటనవేలితో నేల గీకుతూ ఉంటాడు. కల్లు రుచి కన్నా ఆ నవ్వులు ఎక్కువ లాగేవి. వాటి కన్నా ఎక్కువగా, వంటింటి మూలనుంచి వచ్చే గాజుల చప్పుడు కోసం చెవులు నిక్కబొడుచుకునేవి. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?

చైత్రం వచ్చింది. గూడెం పెద్ద పిలిచి, "మూడు నెల్లాయె, మంచిగున్నవ్. ఇంక పొయ్యి ఆడిమనిషిని తెచ్చుకో. కలిపే కల్లు తీసుకపో" అన్నాడు.

వాళ్లలో ఆనవాయితీ అది. విడిపోయిన ఆలుమగలు కలవాలంటే, మగవాడు తన చెట్టు తానే ఎక్కి, తన చేత్తో కల్లు దింపి, తన బుర్రలో మోసుకుని అత్తింటికి పోవాలి. పెళ్లాం వాళ్ల అన్న పోస్తుంటే ఇద్దరూ ఒకే రేక పట్టుకుని తాగాలి. తాగితే పాత తగువు తెగినట్టు. తాగకపోతే ఏమవుతుంది? తాగనివాడెవడూ ఇంతవరకు పుట్టలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

సువర్ణకు ఫోన్ చేశాడు. "తాగకపోతే ఏమైతదని మీ పెద్దను అడిగినవా అన్నా?" అంది.

"గదెట్ల అడుగుత?"

"నోటితోటి."

అడిగాడు. పెద్దాయన చుట్ట వెలిగించాడు. "అమ్మాయిని ఒద్దంటున్నడనుకుంటరు. గొడవైతది" అన్నాడు. మళ్లీ తనే, "చచ్చినోళ్ల వంతు నేలకు పోస్తం గదా. బతికినోని వంతు పోసుడు నేనెన్నడు చూడలే. పొయ్యొచ్చో లేదో ఆ ఇంటి ఆడబిడ్డ చెప్పాలె. నేను చెప్పేది గాదు" అని బూడిద రాల్చాడు.

మర్నాడు పొద్దున్నే ముసలయ్య తన పెద్ద చెట్టు ఎక్కాడు. మూడు నెలల తర్వాత ఒంటికి చెట్టు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది. పైన గెల దగ్గర కల్లు వాసన ముఖానికి కొట్టింది. కళ్లు మూసుకుని పని కానిచ్చాడు. తాడు కట్టి బుర్రను కిందికి వదిలాడు. వదిలాక, వద్దనుకుంటూనే, అరచేతిలో తాడు పెట్టుకుని ఆగాడు. గుంజుడు రాలేదు.

పొద్దెక్కేసరికి గోదావరి రేవుకు చేరాడు. ఎండకు నది సన్నబడి ఇసుక ఎక్కువైంది. పడవ కోసం కూర్చుంటే, ఎండకు పులిసి పొంగిన కల్లు బుర్ర ఆకుమూతను ఎగరగొట్టింది. తెల్లటి నురగ అతని చేతి మీదుగా మోచేతి దాకా కారింది. నాలుక దానంతట అదే బయటికి వచ్చింది. ఆ క్షణాన అతనికి జంపక్క కావాలో కల్లు కావాలో తెలియలేదు. రెండూ కావాలి. రెండూ ఒకే కాలంలో, ఒకే చెట్టు కింద అతనివే. చెయ్యి తీసుకెళ్లి గోదావరిలో ముంచాడు, చల్లబడేదాకా తీయలేదు.

జంపక్క అన్న సమ్మయ్య ఇంటి ముందు నలుగురు పెద్దలు చేరారు. సమ్మయ్య కొత్త రేక కట్టి తెచ్చాడు. జంపక్క గుమ్మంలో నిలబడింది. పది నెలల్లో చిక్కిపోయింది. ముసలయ్య ఆమెను చూసి తల దించుకున్నాడు. సమ్మయ్య బుర్ర ఎత్తి, "పట్టు బావా" అన్నాడు.

"నేను తాగ, బావా."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సమ్మయ్య మొహం ఎర్రబడింది. "తాగనోనివి ఎందుకొచ్చినవ్? మా ఇంటి ఆడబిడ్డను నలుగుట్ల నవ్వులపాలు చేయనీకొచ్చినవా?" పెద్దల్లో ఒకాయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

అప్పుడు జంపక్క గుమ్మం దిగి వచ్చింది. అతని ముందు నిలబడి, "నోరు తెరువు" అంది. చిన్నపిల్లాడిలా తెరిచాడు. వంగి వాసన చూసింది.

"నువ్వే ఎక్కినవా?"

"నేనే."

"ఇంత దూరం నువ్వొక్కనివే మోసుకొచ్చినవా?"

"అవ్. గోదావరి కాడ మూత ఎగిరిపోయింది. చెయ్యి తడిసింది." ఆ చెయ్యి ముందుకు చాచాడు. "నాకాలనిపించింది. నాకలే."

ఆమె అతని కళ్లలోకి చూసింది. తర్వాత రేక తానే పట్టుకుని, అన్న వైపు చాచింది. తన వంతు తాగి మూతి తుడుచుకుంది. "ఆయన వంతు నేలకు పొయ్యన్నా" అంది.

"బతికున్నోనిదే!"

"ఆ తాగుబోతు సచ్చిండనుకో. పొయ్యి."

సమ్మయ్య పోశాడు. ఎండిన నేల చప్పున పీల్చేసుకుంది. లేచిన పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు. తగువు తెగింది.

ముసలయ్య ఇక ఆమె మూట కోసం చూస్తున్నాడు. ఆమె లోపలికి వెళ్లి వచ్చింది, కానీ చేతిలో మూట లేదు. "ఇయ్యాల రాను" అంది. "కోపంతోటి గాదు. కల్లు కాలం ఇంక నడుమల్నే ఉన్నది. ఆ మంచం మీదికెల్లి చూసినప్పుడు నువ్వు పండుకున్నవే, గది నా కండ్లల్లకెల్లి ఇంక పోలే. తొలకరి పడంగనె వస్త. అప్పటిదాక నా కోసం గాదు, నీ కోసం ఉండు."

ఆమె చేతిలో ఉన్నది ఒక కొత్త సొరబుర్ర. పోయినేడాది పుట్టింటికి వచ్చిన మర్నాడే, తొలకరి తడిలో, ఆమె పెరట్లో ఒక సొరగింజ నాటింది. తీగ పాకి కాయ కాస్తే కూరకు కోయనివ్వలేదు. తీగ మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, మెడ కోసి, గింజలు రాల్చి, ఇసుకతో తోమి తోమి నునుపు చేసింది. ఆమె మరిచిపోయిందని అతను సారా తాగి ఏడ్చిన ఆరు నెలలూ ఆ కాయ ఇక్కడ అతని కోసం ముదురుతూనే ఉంది.

"గిది కల్లెరగదు" అంది, దాన్నిండా నీళ్లు పోసి అతని భుజానికి తగిలిస్తూ. "ఎరగనియ్యకు." పాత బుర్రను అక్కడే ఉంచేసుకుంది.

గూడెం బాట పట్టేసరికి పొద్దు వాలుతోంది. పెద్ద చెట్టు మీద రాజు గెల గీస్తున్నాడు, కింద నలుగురు రేకలు పట్టుకుని కూర్చున్నారు. "బావా, ఒక్కనివే వస్తున్నవేంది? అక్క రాలేదా?" అని పైనుంచి అరిచాడు రాజు.

"తొలకరికి వస్తది" అన్నాడు ముసలయ్య.

నడుస్తూనే అన్నాడు. చెట్టు దాటి నాలుగడుగులు వేశాక, భుజాన ఏదో చల్లగా తగిలినట్టయింది. చూసుకున్నాడు. చెట్టు పక్కనుంచి వస్తుండగా పైనుంచి రాలిన కల్లు చుక్క ఒకటి కొత్త బుర్ర మెడ మీద పడి, సన్నగా కిందికి జారుతోంది. చూసినవాళ్లు ఎవరూ లేరు. జంపక్క గోదావరి అవతల ఉంది. తొలకరికి ఇంకా యాభై రోజులు ఉన్నాయి.

ముసలయ్య ఇంటి దారి వదిలి వాగు వైపు తిరిగాడు. మోకాలి లోతు నీళ్లలో కూర్చుని, గుప్పెడు ఇసుక తీసుకుని, ఆ చుక్క పడిన చోట తోమాడు. వాసన చూశాడు. మళ్లీ తోమాడు. చీకటి పడకముందే ఇంటికి వెళ్లి, బుర్రను జంపక్క ఎప్పుడూ బుర్రలు తగిలించే కొయ్యకు తగిలించి, పొయ్యి వెలిగించుకున్నాడు.